ఎలుకల గది మీద నడక

రొట్టెల బండి మలుపు తిరిగేసరికి దారి పక్కన ఒక బస్సు మూతి తెరుచుకుని పొగలు కక్కుతోంది. డ్రైవరు తలా చేతులూ ఇంజనులోకి దూర్చి, నడుం కింది భాగాన్ని మాత్రం లోకానికి వదిలేశాడు. ఆగిపోయిన బస్సు దగ్గర మనుషులు ఎంత తొందరగా కాపురం పెట్టేస్తారో చూసి తీరాలి. ఒకావిడ అప్పుడే జడ విప్పి దువ్వుకుంటోంది. ఇద్దరు మగవాళ్ళు తువ్వాలు పరిచి పేకముక్కలు పంచుకుంటున్నారు. మిగిలినవాళ్ళు బస్సు నీడ ఎటు జరిగితే అటు జరుగుతున్నారు. అందరిలోకీ ఒక్క మనిషి మాత్రం కూర్చోలేదు. భుజానికి సంచీ, చేతిలో చుట్టచుట్టిన పెద్ద కాగితం పట్టుకుని రోడ్డంచున ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు నడుస్తోంది.

బండి నడుపుతున్న అమ్మాయికి ముఖం కనిపించకముందే ఆ నడక కనిపించింది. మడమ ముందు, మునివేళ్ళు తర్వాత, తిరిగే చోట చిన్న తడబాటు. ఆగకుండా వెళ్ళిపోవచ్చు. వెళ్ళిపోతే ఎవరూ తప్పు పట్టరు, తెలిసినవాళ్ళు మెచ్చుకుంటారు కూడా. కానీ కాలు బ్రేకు మీద పడింది. కాళ్ళు మనసునడిగి పని చెయ్యవు.

"ఎక్కడికి మేడమ్?"

ఆవిడ వంగి కిటికీలోంచి చూసింది. కళ్ళద్దాలు పైకి తోసి మళ్ళీ చూసింది. "నువ్వా! బండి నడుపుతున్నావా?"

"ఎలుకల్ని వదిలేశాక ఏదో ఒకటి నడపాలి కదండీ."

"నేను మధ్యాహ్నానికల్లా ఊళ్ళో ఉండాలి. సభ."

"నేనూ ఆ ఊరికే. రొట్టెలు దించాలి. ఎక్కండి. కింద ట్రే ఉంది, తొక్కకండి, మా మామయ్య నన్ను తొక్కేస్తాడు."

ఆవిడ ఎక్కింది. బస్సు దగ్గరివాళ్ళు పేకాట ఆపి అసూయగా చూశారు.

ప్రయోగశాలలో ఆవిడను ఎదురుగా పెద్దమేడం అనేవాళ్ళు, వెనకాల కాలుకాలిన పిల్లి అనేవాళ్ళు. బతుకంతా ఎలుకల మధ్య గడిపే మనిషికి ఆ పేరు పెట్టినవాడెవడో గానీ వాడి నోట్లో చక్కెర పొయ్యాలి. ఆవిడ కూర్చోగా చూసినవాళ్ళు తక్కువ. భర్త భూములు కొలిచే ఉద్యోగి, వేరే ఊళ్ళో ఉంటాడు. సెలవులకు వచ్చినప్పుడు సోఫాలో కూర్చుని, ఆవిడ గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే తల అటూ ఇటూ తిప్పుతూ చూస్తాడట. "మా ఇంట్లో టెన్నిస్ ఆటకు బంతి అక్కర్లేదు" అని ఆయనే ఓసారి ప్రయోగశాల గుమ్మంలో నిలబడి చెప్పి అందర్నీ నవ్వించాడు. ఆవిడ మాత్రం నవ్వలేదు, అప్పుడూ నడుస్తూనే ఉంది.

ఆ నడక ఎక్కడ పుట్టిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. ఆవిడ తండ్రి ఒక కర్మాగారంలో లేతు మిషను మీద పని చేసేవాడు. షిఫ్టులు మారేవి. ఆయన ఏ వేళకు వస్తే అదే ఇంట్లో భోజనం వేళ. పిల్లలు ముందే తింటే ఆయనకు కోపం రాదు, బాధ పడతాడు; ఆ బాధ కంటే కోపమే నయమని తల్లి భయం. అందుకని కడుపు పట్టుకుని గునిసే కూతుర్ని తల్లి వసారాలోకి పంపేది. "అలా నాలుగడుగులు నడిచి రావే, ఆకలి అదే పోతుంది" అనేది. పిల్ల నడిచేది. ఆకలి పోయేది కాదు, పేరు మారేది. కొన్నాళ్ళకు కడుపులో ఏదో కదిలితే దాన్ని ఆకలి అనుకోవడం మానేసి, ఊరికే నడవాలనిపిస్తోంది అనుకోవడం అలవాటైంది. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు. ఆవిడ అసలు ఆకలినే ఎరగదు. పెద్దయ్యాక ఎవరైనా "తిన్నారా మేడమ్?" అంటే, "నాకు ఆకలి వెయ్యదు" అని కొంచెం గర్వంగానే చెప్పేది. అలాంటి మనిషి బతుకంతా ఆకలి మీద పరిశోధన చెయ్యడం వింత అనుకుంటే అనుకోవచ్చు. ఈత రానివాళ్ళే ఏటి లోతు గురించి ఎక్కువ అడుగుతారు.

ఆవిడ పరిశోధన గ్రెలిన్ అనే హార్మోను మీద. అది జీర్ణకోశం పైభాగంలో పుడుతుంది. భోజనం వేళ దగ్గర పడేకొద్దీ రక్తంలో పెరిగి, మెదడుకు వెళ్ళి తలుపు కొడుతుంది. తిన్నాక తగ్గుతుంది. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. పెద్దమేడం అడిగిన ప్రశ్న వేరు. భోజనం వేళ అయిందని కడుపుకు ఎవరు చెబుతారు? వెలుతురా, వాసనా, గిన్నెల చప్పుడా? ఇవేవీ లేకపోతే కడుపు తనంతట తాను వేళ కనిపెట్టగలదా? కనిపెట్టగలదని ఆవిడ నమ్మకం. కడుపులోనే గడియారం ఉందని ఆవిడ వాదన. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

దాన్ని నిరూపించడానికి పాత భవనం కింది అంతస్తులో ఒక గది కట్టించింది. దానికి కిటికీ లేదు. దీపం పగలూ రాత్రీ ఒక్కలాగే వెలుగుతుంది. గాలి గొట్టంలో వాసన రాకుండా జల్లెడలు. ఎలుకల్ని చూసుకునే ముసలాయన, అందరికీ ఎలుకల తాత, చెప్పులకు గుడ్డ తొడుగులు వేసుకుని దొంగలా నడిచేవాడు. రోజూ ఒకే వేళకు పెద్దమేడం తనే కిందికి దిగి వచ్చి మేత పెట్టేది. ఇంకొకరిని నమ్మదు. వాటికి పెట్టాకే తనూ పైకి వెళ్ళి తన అన్నం డబ్బా మూత తీసేది. అలా నెలల తరబడి అలవాటు చేశాక, కొన్ని రోజులు ఆ వేళ దాటేదాకా మేత పెట్టకుండా, గదిలోకి ఎవరూ వెళ్ళకుండా, గోడలోంచి వచ్చే సన్నటి గొట్టం ద్వారా పక్క గదిలోనే రక్తం తీసి చూశారు. మేత వేళకు గ్రెలిన్ లేచింది. ఎవరూ చెప్పకుండానే లేచింది. ఆవేళ పెద్దమేడం మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది.

పక్క గదిలో కూర్చుని ఆ రక్తం పట్టింది ఈ రొట్టెల బండి అమ్మాయే. అప్పుడు శిష్యురాలు. గ్రెలిన్ మహా పెళుసు హార్మోను. రక్తం పట్టిన క్షణమే మంచులో పెట్టి మందు కలపకపోతే విరిగిపోతుంది. ఆ పనిలో శిష్యురాలికి మంచి పేరే ఉండేది, ఆ ఒక్క వారం వచ్చేదాకా. ఆ వారం ఎలుకలు అవే, గది అదే, గొట్టం అదే. కానీ మేత వేళకు గ్రెలిన్ లేవలేదు. గ్రాఫు గీత నేల మీద గీసినట్టు బల్లపరుపుగా ఉండిపోయింది.

కాలు బెణికి ఇంట్లో ఉన్న పెద్దమేడం కర్ర పట్టుకుని మళ్ళీ వచ్చీ రాగానే ఆ గీత చూసింది.

"మంచు మర్చిపోయావు."

"లేదు మేడమ్. మంచులోనే పట్టాను."

"మరి హార్మోను ఏమైంది? ఎగిరిపోయిందా? నీ చేతులు వేడి. నీ చేతుల్లో ఏదీ నిలవదు."

ఆ మాట పదిమంది ముందర అన్నది. నమూనాల పెట్టె మీద 'చెడినవి' అని పెద్దక్షరాలతో రాసి ఫ్రీజరు అడుగున పడేసింది. ఇక శిష్యురాలు ఏ గొట్టం ముట్టుకున్నా పక్కవాళ్ళు ఓసారి మంచు వైపు చూసేవాళ్ళు. కొన్నాళ్ళు ఓర్చుకుంది, తర్వాత మానేసింది. మేనమామ రొట్టెల బట్టీలో బండి తోలే మనిషి కావలసి వచ్చాడు. "ఎలుకలకు మేత వేశావు, ఇప్పుడు మనుషులకు వెయ్యి. తేడా ఏమీ ఉండదు, మనుషులు కొంచెం ఎక్కువ అరుస్తారంతే" అన్నాడు మామయ్య. ఊళ్ళో ఎవరైనా "చదువు మధ్యలో ఎందుకు మానేశావమ్మా?" అంటే రొట్టె చేతిలో పెట్టి మాట మార్చేది. నిజంగానే ఒకరోజు మంచు మర్చిపోయానేమో అని రొట్టెలు సర్దుతూ సర్దుతూ చేతులు బుగ్గలకు ఆనించి చూసుకునేది. వేడిగానే ఉండేవి. బట్టీ దగ్గర ఎవరి చేతులైనా వేడిగానే ఉంటాయి.

బండి సాగుతోంది. పెద్దమేడం తన గ్రెలిన్ గీతలున్న ఆ చుట్టచుట్టిన కాగితాన్ని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, చెప్పబోయే ప్రసంగాన్ని పెదవులతో నెమరేసుకుంటోంది. ఇవాళ్టి సభలో కడుపులోని గడియారం సంగతి మొదటిసారి లోకానికి చెబుతుంది. ఒప్పుకుంటే ఆ గడియారానికి ఆవిడ పేరే నిలుస్తుంది. పక్కనున్న అమ్మాయిని ఎలా ఉన్నావని కూడా అడగలేదు. అడగకూడదని కాదు, తోచలేదు.

కాసేపటికి ఆవిడ మడమ బండి రేకు మీద కొట్టుకోవడం మొదలైంది. టక్. టక్. టక్. ట్రేలు గలగలలాడాయి.

"మేడమ్, ఆ కాలు ఆపండి. ఆకలేస్తే వెనక బన్నులున్నాయి."

"నాకు ఆకలి లేదు."

"మీకు లేకపోతే మీ కాలికి ఉంది."

"ఏం మాటలవి?"

"మీకొక్కరికే తెలియదు మేడమ్, కింద మా అందరికీ తెలుసు." శిష్యురాలికి పాత నవ్వు ఒకటి పెదవి మీదికి వచ్చేసింది. "మీ గది సరిగ్గా ఎలుకల గది మీద కదా. మీదేమో చెక్కనేల, మీవేమో ఈ గట్టి మడమల చెప్పులు. మేత వేళ దగ్గరపడితే పైన టకటక మొదలయ్యేది. తాత వెంటనే, 'పైన పిల్లి లేచింది, కడుపులో ఎలుకలు పరిగెడుతున్నట్టున్నాయి, ఇక కిందికి దిగుతుంది' అనేవాడు. కాసేపటికి మీరు దిగేవాళ్ళు. ఒక్కరోజు తప్పలేదు. మేం గడియారం చూసుకోవడం కూడా మానేశాం..."

అక్కడ మాట ఆగిపోయింది.

మడమ కూడా ఆగిపోయింది. గోడలకు చెవులుంటాయని పెద్దలు చెప్పారు గానీ కప్పులకు కాళ్ళుంటాయని చెప్పలేదు. గదికి నాలుగు గోడలూ మూశారు, వెలుతురు మూశారు, వాసన మూశారు, పాపం తాత పాదాలకు గుడ్డలు కట్టారు. పైన నడిచే మనిషిని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు; ఆ టకటకే ఎలుకలకు మేత గంట అయింది. ప్రయోగం చేసేవాళ్ళు తాము ప్రయోగంలో లేమనుకుంటారు.

"మేత ఆపిన రోజుల్లో?" పెద్దమేడం గొంతు చాలా మామూలుగా ఉంది. "ఆ రోజుల్లో కూడా నడిచానా?"

"నడిచారు. ఆ రోజుల్లో ఇంకా గట్టిగా నడిచారు."

"వేళకే?"

"వేళకే."

"నేను కాలు బెణికి ఇంట్లో ఉన్న వారం..."

శిష్యురాలు బండిని రోడ్డు పక్కకు తీసి ఆపేసింది. ఆ వారం పైన ఎవరూ నడవలేదు. ఆ నిశ్శబ్దాన్ని ఆమె చెవులారా విన్నది. 'ఇవాళ పిల్లి లేదు, హాయిగా ఉంది' అని తాతతో తనే అన్నది. అది తన నోటితో తను చెప్పుకోవలసిన సాక్ష్యం. ఇన్నాళ్ళూ దాన్ని జోకులా మోసింది.

పెద్దమేడం దిగి రోడ్డు పక్కన నడవడం మొదలుపెట్టింది. నాలుగడుగులు వేసి, తన పాదాల వంక చూసుకుని, కొయ్యబారినట్టు నిలబడిపోయింది. బహుశా బతుకులో మొదటిసారి.

శిష్యురాలు కూడా దిగింది. "నా చేతులు వేడన్నారు."

"ఒక్క వారంతో ఏమీ తేలదు."

"అప్పుడు ఒక్క వారంతోనే తేల్చారు కదా!"

"అది వేరు."

"ఏం వేరు? అప్పుడు తప్పు నాది, ఇప్పుడు మీది. అదేనా వేరు?"

ఒక లారీ వాళ్ళను దుమ్ముతో కప్పి వెళ్ళింది. దుమ్ము దిగాక ఆవిడ తనలో తను అనుకుంటున్నట్టు మొదలుపెట్టింది. "వేడికి విరిగిపోయి ఉంటే ముక్కలుండాలి. హార్మోను విరిగినా దాని ముక్కలు రక్తంలోనే ఉంటాయి. ముక్కలు నిండుగా ఉంటే నువ్వు మంచు మర్చిపోయినట్టు. ముక్కలు కూడా లేకపోతే అసలు పుట్టనే లేదు. ఎలుకలకు ఆకలే కాలేదు." కళ్ళద్దాల మీది దుమ్ము తుడుచుకుంది. "నేను ముక్కల కోసం చూడలేదు."

"ఎందుకు చూడలేదు?"

"నువ్వే మర్చిపోయావని తెలుసు కదా అని."

శిష్యురాలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది, కానీ ఆ మంటలోనే ఇంకో సంగతి వెలిగింది. ఆమె ఆపుకోలేకపోయింది. "మేడమ్, ఇంకోటి కూడా చెయ్యొచ్చు. మేత వేళ కాని వేళ పైన మీరు నడవాలి. అప్పుడు గ్రెలిన్ లేస్తే..."

"నేను కాదు. వేరే మనిషి, నా చెప్పులతో."

"మీ చెప్పులతో, మెత్తటి చెప్పులతో, రెండూ. తర్వాత చెక్కనేల మీద పరుపు వేసి..."

"మనకు ఎలుకలు సరిపోవు."

"కొత్త జట్టు కావాలి మనకు. నడక ఎన్నడూ వినని జట్టు." అన్నాక తను 'మనకు' అన్నట్టు తెలిసి గబుక్కున బండెక్కి కూర్చుంది. ఇంజను హోరెత్తించింది.

ఆవిడ కూడా ఎక్కి ఫోను తీసింది. ముందు తాతకు.

"తాతా, ఆ అమ్మాయి నమూనాల పెట్టె ఉందా? పారేశావా?"

ఎలుకల తాతకు చెవుడు, అందుకని ఫోనులో అరుస్తాడు. బండంతా వినిపించింది. "ఉందమ్మా! మీరు పైన చెడినవి అని రాశారు కదా, భయపడి ఎవరూ ముట్టుకోలేదు!"

"ఆ మాట కొట్టెయ్."

"కొట్టేసి ఏం రాయమంటారు?"

"ఏమీ రాయొద్దు. తేదీ ఉంటే చాలు. ఇంకో సంగతి. నేను పైన నడిస్తే కిందికి వినిపిస్తుందా?"

తాత, జీవితంలో మొదటిసారి మెల్లగా, "చెవిటివాణ్ణి, నాకే వినిపించేదమ్మా" అన్నాడు.

రెండో ఫోను సభవాళ్ళకు. "నేనివాళ మాట్లాడటం లేదు... ఆరోగ్యం బాగానే ఉందండీ. ఫలితమే బాగాలేదు... లేదు, వచ్చే ఏడు కూడా చెప్పలేను. మా ప్రయోగంలో తప్పుంది... నాదే. పక్కగదిలో అమ్మాయిది కాదు, నాదే." అవతలివాళ్ళు అడగని మాట అది. ఏ పక్కగది, ఏ అమ్మాయి అని వాళ్ళు బహుశా ఇప్పటికీ అనుకుంటూ ఉండవచ్చు.

శిష్యురాలు రోడ్డు మీంచి కళ్ళు తిప్పలేదు. రోడ్డు కొంచెం మసగ్గా కనిపించింది.

ఊరు వచ్చింది. సభ జరిగే పెద్ద భవనం ముందు మెడలో పట్టీలు వేసుకున్న మనుషులు గుంపులుగా నిలబడ్డారు. ఆ భవనం పక్క సందులోని కొట్టులోనే రొట్టెలు దించాలి. "కూర్చోండి మేడమ్, దించేసి వస్తాను. బస్టాండు దగ్గర దింపుతాను" అని శిష్యురాలు ట్రేలు ఎత్తుకుంది. కొట్టతను బన్నులు నొక్కి నొక్కి చూశాడు, నిన్నటివి కదా అన్నాడు, కాదని ఒట్టు వేయించుకున్నాడు. లోపల ఆమె మనసు మాత్రం బండిలో ఉంది. ఆవిడ తిరిగి రమ్మంటుందా? అంటే ఏం చెప్పాలి? పెట్టెలో ముక్కలుంటే? నిజంగానే ఒకరోజు మర్చిపోయి ఉంటే? రానని ఒకసారి, వస్తానని ఒకసారి జవాబు తయారు చేసుకుంది. ఏదీ కుదురుగా నిలవలేదు.

బయటికి వచ్చేసరికి బండి తలుపు తెరిచి ఉంది. సీటు ఖాళీ. చుట్టచుట్టిన పెద్ద కాగితం అక్కడే పడి ఉంది. దాని మీద బన్ను పొడి రాలి ఉంది.

సందు చివర పెద్దమేడం కనిపించింది. సభ వైపు కాదు, బస్టాండు వైపు. ఒక చేత్తో బన్ను తింటూ, మడమ ముందు, మునివేళ్ళు తర్వాత, జనాన్ని తోసుకుంటూ వెళుతోంది. వెళ్ళొస్తానని చెప్పలేదు. వెనక్కి తిరిగి చూడలేదు. మనసులో ఆవిడ అప్పటికే ఫ్రీజరు ముందు నిలబడి ఉంటుంది, ఒళ్ళు మాత్రం ఇంకా దారిలో ఉంది.

"మేడమ్!" అని పిలవబోయి శిష్యురాలు ఆగింది. సందులో రాళ్ళ మీద ఆ చెప్పుల చప్పుడు ఇంకా వినిపిస్తోంది. టక్. టక్. టక్. శిష్యురాలు బయలుదేరే ముందు కడుపునిండా తినే వచ్చింది. అయినా నోట్లో నీళ్ళూరాయి. కడుపులో ఏదో లేచి నిలబడి, మేత వస్తోందన్నట్టు గిరగిరా తిరిగింది. ఆమె ఖాళీ ట్రేలు కింద పెట్టి, కడుపు మీద చెయ్యి వేసుకుని, ఆ చప్పుడు వినబడినంతసేపూ అక్కడే నిలబడింది.